ఐటానియం ఎందుకు మునిగింది? మా చివరి సర్వర్ ఆపేముందు ఒక ప్రశ్న

సర్వర్‌రూమ్_సాంబ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా కంపెనీ సర్వర్ రూమ్‌లో ఒక మూల హెచ్‌పీ ఇంటిగ్రిటీ ఆర్‌ఎక్స్2660 ఉంది. ఐటానియం 2, మాంటెసిటో తరం, రెండు సాకెట్లు. హెచ్‌పీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హెచ్‌పీ-యూఎక్స్ మీద ఒక పాత ఖాతాల అప్లికేషన్ నడుస్తుంది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అది అక్కడుంది. దాని మీద ఎవరో మార్కర్‌తో "ముట్టుకోవద్దు" అని రాసి కాగితం అంటించారు. ఆ రాసినాయన రిటైరైపోయాడు, కాగితం మాత్రం అలాగే ఉంది.

2025 డిసెంబరు 31తో హెచ్‌పీ-యూఎక్స్‌కి స్టాండర్డ్ సపోర్టు అయిపోయింది. ఆడిటర్లు పట్టుకున్నారు. తీసేసి లైనక్స్‌కి మారమంటున్నారు. మారుస్తాం, అది వేరే సంగతి. నాకు అర్థం కానిది ఒకటే. ఇన్నేళ్లలో ఈ మిషన్ డిస్కుల వల్ల ఆగింది, కరెంటు వల్ల ఆగింది, ఒకసారి ఏసీ నీళ్లు కారి ఆగింది. ప్రాసెసర్ వల్ల ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటెల్, హెచ్‌పీ లాంటి రెండు ఏనుగులు కలిసి చేసిన చిప్ ఇది. మరి ఎందుకు పోయింది? నెట్‌లో చూస్తే అందరూ నవ్వేవాళ్లే, కుదురుగా చెప్పినవాళ్లు కనబడలేదు.

ఏఎండీ_అభిమాని · సోమవారం, రాత్రి 9:20

ఒక్క మాట: ఆప్టెరాన్. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

పాతకాపు · సోమవారం, రాత్రి 10:03

అంత తొందరెందుకు నాయనా. ఏఎండీ వాళ్ల 64 బిట్ల సర్వర్ చిప్ ఆప్టెరాన్ వచ్చింది 2003 ఏప్రిల్‌లో. ఐటానియం కథ అంతకు పద్నాలుగేళ్ల ముందు మొదలైంది. నేను హెచ్‌పీ-యూఎక్స్ మీద పనిచేయడం మొదలుపెట్టింది పీఏ-రిస్క్ రోజుల్లో. కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

1989 ప్రాంతంలో హెచ్‌పీ లేబొరేటరీల్లో ఒక ఆలోచన పుట్టింది. తమ పీఏ-రిస్క్ చిప్‌ని ఇలాగే లాక్కుపోతే ఎక్కువకాలం నడవదని వాళ్లకి అర్థమైంది. చిప్ తయారీకి ఫ్యాక్టరీలు కట్టుకునే స్థోమత ఒక్క కంపెనీకి ఇకపై ఉండదని కూడా లెక్కేశారు. అందుకే 1994 జూన్‌లో ఇంటెల్‌తో చేయి కలిపారు. డిజైన్ ఆలోచన హెచ్‌పీది, ఫ్యాక్టరీ ఇంటెల్‌ది. ఇంటెల్‌కి ఇందులో ఇంకో లాభం ఉంది. మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 రకం చిప్‌ని పోటీదారు ఏఎండీ కూడా తయారుచేసుకోగలదు, ఈ కొత్తదాన్ని మాత్రం ఎవరూ కాపీ కొట్టలేరు. ఈ మాట పైకి చెప్పేవాళ్లు కాదు, కానీ ఆ రోజుల్లో మా బోటివాళ్లం టీ దగ్గర మాట్లాడుకున్నది ఇదే.

మొదటి చిప్ పేరు మెర్సెడ్. 1998లో వస్తుందన్నారు. రాలేదు. 99 అన్నారు. రాలేదు. చివరికి 2001 మధ్యలో 733, 800 మెగాహెర్ట్‌జ్ వేగాలతో వచ్చింది. 1999 అక్టోబరు 4న ఐటానియం అని పేరు ప్రకటిస్తే, గంటల్లోనే యూజ్‌నెట్‌లో "ఐటానిక్" అని వెక్కిరింపు మొదలైంది. ఓడ నీళ్లలోకి దిగకముందే మునిగిందని జోకులన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఓడ రాకముందే దాని భయంతో రేవు ఖాళీ అయిపోయింది. గ్రాఫిక్స్ కంప్యూటర్ల కంపెనీ ఎస్‌జీఐ తన మిప్స్ చిప్‌లని పక్కనపెట్టి దీనివైపు వస్తానంది. కాంపాక్ 2001 జూన్‌లో తన ఆల్ఫా చిప్‌ని ఆపేస్తానని ప్రకటించింది. ఆల్ఫా అంటే అప్పట్లో లోకంలోనే వేగమైన చిప్‌లలో ఒకటి. దాని ఇంజనీర్లు చాలామంది ఇంటెల్‌కే వెళ్లారు. ఐబీఎం కూడా తన ఆపరేటింగ్ సిస్టమ్ ఏఐఎక్స్‌ని దీనిమీదకి తెచ్చే ప్రయత్నంలో ఒక చెయ్యి వేసింది. హెచ్‌పీ ఎలాగూ పీఏ-రిస్క్‌ని సాగనంపేందుకు సిద్ధమే. చిప్ అమ్ముడుపోకుండానే ముగ్గురు పోటీదారులు తప్పుకున్నారు. పోయినవాటిలో నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆల్ఫానే. ఐటానియం పోయిందని కాదు.

బెజవాడ_బిట్స్ · సోమవారం, రాత్రి 10:31

బాబాయ్ గారూ, ఒక చిన్న డౌటు. నేను బీటెక్ మూడో సంవత్సరం. ఐటానియంది "ఎపిక్" ఆర్కిటెక్చర్ అని చదివాను. ఎపిక్ అంటే ఏఎండీ సర్వర్ చిప్ కదా? మరి ఇంటెల్‌ది ఎలా అయింది?

ఏఎండీ_అభిమాని · సోమవారం, రాత్రి 10:33

😂😂 తమ్ముడూ, అసలు చరిత్ర అంతా నీ ప్రశ్నలోనే ఉంది.

పాతకాపు · సోమవారం, రాత్రి 10:40

నవ్వకండి, తెలుగులో రాస్తే రెండూ ఒకటే కదా. పలకడం కూడా ఒకటే. ఐటానియం ఎపిక్‌లో మూడో అక్షరం ఐ. ఏఎండీ 2017లో తెచ్చినదానిలో ఆ స్థానంలో వై. మొదటిది నాలుగు మాటలకి పొట్టి పేరు, రెండోది ఊరికే పెట్టుకున్న పేరు. మొదటిదాని అర్థం ఏమిటో కమల గారు చెబితే బాగుంటుంది, ఆవిడ పని అదే.

కంపైలర్_కమల · మంగళవారం, ఉదయం 6:48

ఇక్కడ ఆస్టిన్‌లో రాత్రయింది, అయినా ఈ టాపిక్ చూసి ఊరుకోలేకపోయాను.

బిట్స్ తమ్ముడూ, పెళ్లి భోజనాల బంతి ఊహించుకో. ఇప్పటి మామూలు ప్రాసెసర్‌లో వడ్డించే కుర్రాళ్లు తెలివైనవాళ్లు. గారెలు ఇంకా నూనెలోనే ఉన్నాయంటే ఆగరు, ఈలోగా పప్పు పట్టుకెళ్తారు. ఒక వరుసకి పులుసు రాలేదంటే పక్క వరుసకి కూర వేస్తారు. ఏది ముందు, ఏది వెనక అనేది అక్కడికక్కడే మార్చేస్తారు. అవుట్ ఆఫ్ ఆర్డర్ అంటే ఇదే. ఈ తెలివితేటలకి చిప్ మీద బోలెడు చోటు పడుతుంది, కరెంటు తింటుంది. 1990ల మొదట్లో, దీన్ని ఇంకా పెంచుకుంటూ పోవడం కుదరదని చాలామంది పెద్దవాళ్లు అనుకున్నారు.

హెచ్‌పీ వాళ్లు ఏమన్నారంటే: కుర్రాళ్లకి తెలివెందుకు? పెళ్లికి ముందురోజే వంటమేస్త్రీ కూర్చుని ఎవరు ఎప్పుడు ఏది వడ్డించాలో మొత్తం కాగితం మీద రాసేస్తాడు. కుర్రాళ్లు ఆ కాగితం చూసి గబగబా నడిస్తే చాలు. ఆ మేస్త్రీయే కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంని చిప్ భాషలోకి మార్చేది. తెలివి అవసరం లేదు కాబట్టి ఆ చోటులో ఇంకో నలుగురు కుర్రాళ్లని పెట్టుకోవచ్చు. ఎపిక్ అంటే ఇదే: ఎక్స్‌ప్లిసిట్లీ ప్యారలల్ ఇన్‌స్ట్రక్షన్ కంప్యూటింగ్, ఏవి కలిసి నడవాలో ముందే రాసిపెట్టడం.

చిప్ లోపల ఇది ఎలా ఉంటుందంటే, 128 బిట్ల కట్ట ఒకటి. అందులో మూడు ఇన్‌స్ట్రక్షన్లు, ఒక్కోటి 41 బిట్లు. మూడు నలభై ఒకట్లు 123. మిగిలిన 5 బిట్లు టెంప్లేటు: ఈ మూడూ ఏ రకం యూనిట్లకి వెళ్లాలి, ఎక్కడ గీత గీసి ఆగాలి అని. మెర్సెడ్, దాని తర్వాతి మెక్‌కిన్లీ సైకిల్‌కి రెండు కట్టలు, అంటే ఆరు ఇన్‌స్ట్రక్షన్లు లాగగలవు. రిజిస్టర్లు అయితే పండగే: పూర్ణాంకాలకి 128, దశాంశాలకి 128, ఇవి కాక షరతులు దాచుకోవడానికి 64. ఎక్స్86కి అప్పట్లో ఎనిమిదే.

కంపైలర్ రాసేవాళ్లకి ఇది చూస్తే నోరూరుతుంది. నాకూ ఊరింది. తర్వాత ఆ కంపైలర్ మీద కొన్నాళ్లు పనిచేశాక తెలిసింది, మేస్త్రీకి తెలియని విషయం ఒకటుందని. గారెలు ఎప్పుడు వేగుతాయో ముందురోజు రాత్రి ఎవడు చెప్పగలడు? మెమొరీ నుంచి ఒక సంఖ్య చదవమంటే, అది ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న మెమొరీలో, అంటే క్యాషేలో ఉంటే ఒక్క సైకిల్‌లో వచ్చేస్తుంది. అసలు మెమొరీకి వెళ్లాల్సొస్తే వందల సైకిళ్లు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఏది జరుగుతుందో కంపైల్ చేసేటప్పుడు మాకు తెలియదు. ఎంత తెలివైన మేస్త్రీ అయినా అది ఊహే.

వెరిలాగ్_వాసు · మంగళవారం, ఉదయం 8:15

కమల గారి బంతి బాగుంది, నాకు పొద్దున్నే ఆకలేసింది. కానీ ఒక సవరణ. ఐటానియంలో గారెలు ఆలస్యమైన మరుక్షణం అందరూ ఆగిపోరు. ఎవరైనా "గారె వెయ్యి" అని అడిగినప్పుడు, అది ఇంకా రాకపోతే, అప్పుడు ఆగుతారు. దీన్ని స్టాల్ ఆన్ యూజ్ అంటారు. చదవడానికీ వాడటానికీ మధ్య కంపైలర్ వేరే పనులు దూర్చగలిగితే ఆలస్యం కనబడదు. కాకపోతే ఒకడు ఆగితే వాడితోపాటు వరుస మొత్తం ఆగుతుంది, అదే బాధ.

వాళ్లు దీనికీ మందు పెట్టుకున్నారు. చదవాల్సినదాన్ని ఇఫ్ కండిషన్‌కి పైకి జరిపి ముందే తెప్పించుకోవచ్చు. అది తప్పు చిరునామా అయితే వెంటనే గొడవ చెయ్యకుండా రిజిస్టర్‌కి ఒక గుర్తు పెడుతుంది, తర్వాత చెక్ చేసుకోవచ్చు. డిజైన్‌గా చూస్తే చాలా అందమైన పని. కానీ ప్రతి అందానికీ ఇంకో ఇన్‌స్ట్రక్షన్, ఇంకో చెక్. కట్టల్లో ఏమీ దొరక్కపోతే ఖాళీ ఇన్‌స్ట్రక్షన్లతో నింపాలి. ప్రోగ్రాం లావవుతుంది, క్యాషే నిండుతుంది.

ఇంకో తమాషా చూడండి. అవుట్ ఆఫ్ ఆర్డర్ ఇక కుదరదనుకుని ఈ దారి పట్టారు కదా. ఇంటెల్ 1995లోనే పెంటియం ప్రో తెచ్చి అది బ్రహ్మాండంగా కుదురుతుందని చూపించింది. మరుసటి ఏడాది హెచ్‌పీ పీఏ-8000 కూడా అదే పద్ధతిలో వచ్చింది. అంటే ఇద్దరు భాగస్వాములూ తమ సొంత చేతులతోనే తమ పందెం తప్పని రుజువు చేసుకున్నారు, మెర్సెడ్ ఇంకా కాగితం మీద ఉండగానే.

గోదారి_డీబీఏ · మంగళవారం, ఉదయం 9:02

ఈ ఎపిక్ వెనక ఒక రావు గారు ఉన్నారని విన్నాను. మన తెలుగాయనేనా?

కంపైలర్_కమల · మంగళవారం, ఉదయం 9:10

రావు అనగానే మనవాళ్ల జాబితాలో వేసేస్తాం కదా 🙂 ఆయన బి. రామకృష్ణ రావు, అక్కడ అందరూ బాబ్ రావ్ అనేవారు. బి అంటే బంట్వాళ్. బంట్వాళ్ మంగళూరు దగ్గర ఊరు. కాబట్టి కన్నడ సోదరులతో గొడవ పెట్టుకోకండి. ఐఐటీ మద్రాసులో చదివి స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లారు. 1980ల్లో సైడ్రోమ్ అనే చిన్న కంపెనీలో ఇలాంటి మిషనే కట్టారు. ఆ కంపెనీ 1988లో మూతపడింది. అక్కణ్ణుంచి హెచ్‌పీకి వచ్చారు. మల్టీఫ్లో అనే ఇంకో కంపెనీ కూడా అదే దారిలో నడిచి మూతపడితే, దాని పెద్ద జోష్ ఫిషర్ కూడా హెచ్‌పీకే వచ్చారు. రెండు మూతపడ్డ దుకాణాల తలకాయలు ఒక్క గదిలో కూర్చుని కన్న కల ఇది.

ఒకే లూపు చుట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి నడిపించే పద్ధతి, మాడ్యులో షెడ్యూలింగ్, ఆయన పనే. ఐటానియం పోయినా అది పోలేదు, ధ్వని, సిగ్నళ్ల లెక్కలు చేసే డీఎస్‌పీ చిప్‌ల కంపైలర్లలో ఈరోజుకీ ఉంది. 2002లో ఆయనకి కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో పెద్దదైన ఎకర్ట్-మాక్లీ అవార్డు ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరులో పోయారు.

ఏఎండీ_అభిమాని · మంగళవారం, మధ్యాహ్నం 1:25

అందరూ చాలా సెంటిమెంటల్ అయిపోతున్నారు. నేను సింపుల్‌గా చెబుతా. కస్టమర్‌కి కావాల్సింది: నా పాత ప్రోగ్రాం నడవాలి, కొత్తగా 32 బిట్లకి అందని, 4 జీబీ దాటిన మెమొరీ కావాలి. ఇంటెల్ ఏం చెప్పింది? 64 బిట్లు కావాలంటే ఇల్లు ఖాళీ చేసి కొత్త ఊరికి రండి అంది. ఏఎండీ ఏం చెప్పింది? ఉన్న ఇంటి మీదే ఇంకో అంతస్తు వేస్తాం అంది. మెర్సెడ్‌లో ఎక్స్86 ప్రోగ్రాం నడిపితే పాత పెంటియం కంటే అధ్వానంగా పాకేది. ఆప్టెరాన్‌లో పాత 32 బిట్ల ప్రోగ్రాం అంతకుముందుకంటే వేగంగా నడిచేది. ఇంక ఎవడు కొంటాడు?

2004 ఫిబ్రవరిలో ఇంటెల్ తలవంచి తన ఎక్స్86 సర్వర్ చిప్ జియాన్‌కి కూడా అదే 64 బిట్ల పద్ధతి పెడతానంది. అదే నెలలో హెచ్‌పీ, అవును ఐటానియం కన్నతల్లే, ఆప్టెరాన్ సర్వర్లు అమ్ముతానని చెప్పింది. ఇంకా చర్చ దేనికి?

పాతకాపు · మంగళవారం, సాయంత్రం 5:50

నువ్వు చెప్పినవన్నీ నిజాలే. కానీ ఆప్టెరాన్ గోదావరి అయితే, ఈ గట్టుకి చిల్లులు అంతకుముందే పడ్డాయి. 1997లో ఐడీసీ అనే సంస్థ అంచనా వేసింది: 2001 కల్లా ఐటానియం మిషన్ల అమ్మకాలు ఏడాదికి 3,800 కోట్ల డాలర్లకి చేరతాయని. 2001లో ఆప్టెరాన్ లేదు కదా? అప్పుడు ఎన్ని అమ్ముడుపోయాయి? నేను చూసినవన్నీ పరీక్షించుకోమని ఇచ్చిన డబ్బాలే. ప్రతి ఏటా ఆ అంచనా గీతని కిందికి దించి మళ్లీ గీసేవాళ్లు. ఆ గీతలన్నీ ఒకే బొమ్మలో వేస్తే కొబ్బరాకు వాలినట్టు ఉంటుంది.

మెర్సెడ్‌ని మినహాయించి చూడు. 2002 జులైలో వచ్చిన మెక్‌కిన్లీ మంచి చిప్. మూడో అంచె క్యాషేని చిప్ లోపలికే తెచ్చారు, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దాటాల్సిన పైప్‌లైన్‌ని పది మెట్ల నుంచి ఎనిమిదికి తగ్గించారు. 2003లో మ్యాడిసన్ ఇంకా మంచిది. ఈ రెండూ 1998లో వచ్చి ఉంటే నువ్వు ఈ రోజు ఏఎండీ_అభిమాని అనే పేరు పెట్టుకునేవాడివి కాదేమో.

ఏఎండీ_అభిమాని · మంగళవారం, సాయంత్రం 5:58

"ఉంటే", "అయితే" లతో ప్రాసెసర్లు అమ్ముడుపోవు బాబాయ్. అత్తకి మీసాలుంటే మామ అనేవాళ్లం.

వేదిక_నిర్వాహకుడు · మంగళవారం, సాయంత్రం 6:30

మీసాల సంగతి చాలు. కంపెనీల మీద అభిమానం జేబులో పెట్టుకుని రాయండి.

వెరిలాగ్_వాసు · మంగళవారం, రాత్రి 9:44

ఇద్దరి మధ్యలో దూరుతున్నా. ఐటానియం ఎక్కడా బాగా నడవలేదనడం అన్యాయం. కమల గారు చెప్పిన లూపులు ఉన్నాయి కదా, అంటే ముందుగానే లెక్క తెలిసిన పని, అక్కడ మేస్త్రీ కాగితం తిరుగులేనిది. వాతావరణం లెక్కలు, రెక్కల మీద గాలి లెక్కలు ఇలాంటివే. 2004లో నాసా ఏమ్స్‌లో కొలంబియా అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. ఎస్‌జీఐ ఆల్టిక్స్ మిషన్లు 20, ఒక్కోదానిలో 512 ఐటానియం 2లు, మొత్తం 10,240. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ సూపర్ కంప్యూటర్ల టాప్500 జాబితాలో రెండో స్థానం.

ఇందులో మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ ఇరవైలో మొట్టమొదటిది ముందే విడిగా వచ్చింది. కూలిపోయిన కొలంబియా షటిల్‌లో పోయిన కల్పనా చావ్లా గుర్తుగా ఆ మిషన్‌కి "కల్పన" అని పేరు పెట్టారు. ఆవిడ నాసాలో మొదట పనిచేసింది ఏమ్స్‌లోనే, అదీ గాలి ప్రవాహాల లెక్కల మీదే.

అదే డేటాబేస్ లాంటి పని ఇస్తే? ఒక చిరునామా చదివితే అందులో ఇంకో చిరునామా, దాన్నుంచి ఇంకోటి. ఏదీ ముందు తెలియదు. మేస్త్రీ చేతులెత్తేస్తాడు. అప్పుడు ఒకటే మార్గం, క్యాషే కుమ్మరించడం. సాంబ గారి మాంటెసిటోనే చూడండి, 2006లో 172 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఒక్కో కోర్‌కి 12 ఎంబీ, మొత్తం 24 ఎంబీ మూడో అంచె క్యాషే. ఆ ట్రాన్సిస్టర్లలో సింహభాగం అక్కడికే పోయింది. సన్నటి మనిషికి చలికాలం రగ్గులు కప్పినట్టు.

ఇదంతా అయ్యాక ఆఖరుకి 2012 నాటి పౌల్సన్‌లో సైకిల్‌కి 12 ఇన్‌స్ట్రక్షన్లు లాగేలా చేసి, 8 కోర్లు పెట్టి, లోపలంతా మళ్లీ కొత్తగా కట్టారు. అది నిజంగా ఇంజనీర్లు మనసుపెట్టి చేసిన పని. అప్పటికి ఊళ్లో కొనేవాడు ఒక్కడే మిగిలాడు.

గోదారి_డీబీఏ · బుధవారం, ఉదయం 7:35

ఆ ఒక్కడూ హెచ్‌పీ. ఆ కథ నేను చెబుతా, మా డీబీఏల, అంటే డేటాబేస్ చూసుకునేవాళ్ల, బతుకులు అందులో నలిగాయి కాబట్టి.

2009 చివర్లో లైనక్స్ అమ్మే రెడ్ హ్యాట్ తప్పుకుంది, తన లైనక్స్‌ని 5వ వెర్షన్ తర్వాత ఐటానియంకి ఇవ్వనంది. 2010 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ కూడా అదే మాట. 2011 మార్చిలో ఒరాకిల్ బాంబు వేసింది: ఇకపై మా కొత్త సాఫ్ట్‌వేర్ ఐటానియం మీద రాదు అని. హెచ్‌పీ-యూఎక్స్ కొన్నవాళ్లలో ఎంతమంది ఒరాకిల్ డేటాబేస్ కోసమే కొన్నారో లెక్కే లేదు. ఆ వారం మా టీమ్‌లో ఎవరికీ నిద్రలేదు. కొత్తగా కొన్న పెద్ద మిషన్‌కి ఇంకా పెట్టెలు విప్పలేదు మరి.

హెచ్‌పీ కోర్టుకెళ్లింది. 2012 ఆగస్టులో జడ్జి హెచ్‌పీ వైపు తీర్పిచ్చాడు, ఒరాకిల్ సపోర్టు కొనసాగించాల్సిందేనని. 2016 జూన్‌లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. అయితే ఆ కేసులో బయటపడ్డ కాగితాలు ఇంకా రసవత్తరం. ఐటానియంని ఆపకుండా తయారుచేయమని హెచ్‌పీయే ఇంటెల్‌కి డబ్బు కట్టిందట. మొదట 44 కోట్ల డాలర్లు, తర్వాత ఇంకో 25 కోట్లు. మొత్తం 69 కోట్లు. ప్రాసెసర్‌కి వెంటిలేటర్ బిల్లు కట్టినట్టే కదా ఇది.

అందుకే ఆఖరి చిప్ కిట్సన్ 2017 మేలో వచ్చింది. మొదట 22 నానోమీటర్లలో చేస్తామన్నారు, జియాన్‌తో ఒకే సాకెట్ అన్నారు. 2013 జనవరిలో రెండూ ఎగరగొట్టి పాత 32 నానోమీటర్ల దగ్గరే ఉంచారు. పౌల్సన్‌కి కాస్త వేగం పెంచి పేరు మార్చినట్టు ఉంటుంది. ఆర్డర్లు 2020 జనవరి 30తో ఆఖరు, డెలివరీలు 2021 జులై 29తో ఆఖరు.

సాంబ గారూ, మీరు లైనక్స్‌కి మారేటప్పుడు రెండు గోతులున్నాయి. నేను రెండింట్లోనూ పడ్డాను.

ఒకటి, హెచ్‌పీ-యూఎక్స్ ఐటానియం మీద బిగ్ ఎండియన్‌లో నడుస్తుంది. ఎక్స్86 లిటిల్ ఎండియన్. అంటే ఒక సంఖ్యలోని బైట్లు తిరగబడతాయి. ఒరాకిల్ డేటాఫైళ్లని కన్వర్ట్ చేసుకోవడానికి పద్ధతులున్నాయి, అది పర్లేదు. మా దగ్గర ఒక సీ ప్రోగ్రాం స్ట్రక్చర్లని నేరుగా బైనరీ ఫైల్లోకి రాసేది. దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. ఫైలు కాపీ చేసి కొత్త మిషన్‌లో తెరిస్తే, 1 అని ఉండాల్సిన చోట 1,67,77,216 అని ఉంది. ఒక రూపాయి బాకీ ఉన్నాయన ఒక్క రాత్రిలో కోటీ అరవై ఏడు లక్షల బాకీదారయ్యాడు! పరీక్షల దశలోనే పట్టుకున్నాం కాబట్టి ఉద్యోగాలు మిగిలాయి.

రెండు, హెచ్‌పీ-యూఎక్స్‌లో మామూలుగా నల్ పాయింటర్‌ని, అంటే ఎక్కడికీ చూపని చిరునామాని, చదివితే చప్పుడు చెయ్యకుండా సున్నా ఇచ్చేస్తుంది. ప్రోగ్రాంలో తప్పున్నా ఏళ్ల తరబడి నడిచిపోతుంది. లైనక్స్‌లో అదే పని చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్. మొదటిరోజే పన్నెండు క్రాష్‌లు. "కొత్త మిషన్ బాగాలేదు" అని అందరూ. కాదయ్యా, పాతది మర్యాదస్తురాలు, మీ తప్పుల్ని కడుపులో దాచుకుంది.

సర్వర్‌రూమ్_సాంబ · బుధవారం, ఉదయం 8:20

డీబీఏ గారూ, చేతులెత్తి దండం పెడుతున్నా. మాకు కూడా అలాంటి బైనరీ ఫైళ్లు మూడున్నాయి. నిన్న రాత్రే కాపీ చేశాను, ఇంకా తెరవలేదు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

బెజవాడ_బిట్స్ · బుధవారం, మధ్యాహ్నం 2:10

మొత్తం చదివాను, నోట్సు కూడా రాసుకున్నాను. అంటే ఇప్పుడు ఐటానియంలోది ఏదీ మిగల్లేదా? లైనక్స్ కెర్నల్లోంచి కూడా తీసేశారట కదా.

కంపైలర్_కమల · గురువారం, ఉదయం 6:20

కెర్నల్ 6.7లో తీసేశారు, అది 2024 జనవరిలో వచ్చింది. నిజమే. కానీ నీ లాప్‌టాప్ ఒకసారి ఆన్ చెయ్యి. పాతకాలపు బయోస్ 16 బిట్ల ఎక్స్86 కోసం రాసింది, ఐటానియంలో పనికిరాదు. అందుకని 1990ల చివర్లో ఇంటెల్ వేరే బూట్ పద్ధతి తయారుచేసుకుంది, అదే ఈఎఫ్‌ఐ. తర్వాత అది అందరిదీ అయి యూఈఎఫ్‌ఐ అయింది. నీ డిస్కు మీద ఉన్న జీపీటీ పార్టిషన్ పట్టిక కూడా ఆ కుటుంబమే.

ఇంకోటి. లైనక్స్‌లో సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం కంపైల్ చేసి సింబల్ పట్టిక చూడు. ఫంక్షన్ పేర్లు చాలావరకు అండర్‌స్కోర్, పక్కన పెద్ద జెడ్‌తో మొదలవుతాయి. ఆ పేర్లు అలా ఎందుకు పెట్టాలి, వర్చువల్ టేబుల్ ఎలా ఉండాలి, ఎక్సెప్షన్ ఎలా పైకి వెళ్లాలి అని రాసిన ఒప్పందం పేరు "ఐటానియం సీ ప్లస్ ప్లస్ ఏబీఐ". జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ దాన్నే పాటిస్తాయి, ఎక్స్86 మీద కూడా, ఏఆర్‌ఎం మీద కూడా. నేను రోజూ పొద్దున లేచి ఆ పేరున్న డాక్యుమెంటే తెరుస్తాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఐటానియం అంటే ఆ డాక్యుమెంటు రాసిన కమిటీ పేరనుకుంటారు.

వెరిలాగ్_వాసు · గురువారం, ఉదయం 8:05

మా బెంగళూరు వాటా కూడా ఒకటి వేస్తా. జియాన్‌నీ ఐటానియంనీ ఒకే రకం బస్ (చిప్‌ని మిగతా మిషన్‌తో కలిపే దారి) మీద నడపాలనే ప్లాన్‌లో ఇక్కడి ఇంటెల్ టీమ్ ఒక నాలుగు కోర్ల జియాన్ మొదలుపెట్టింది. దాని కోడ్ పేరు వైట్‌ఫీల్డ్, మన ట్రాఫిక్ వైట్‌ఫీల్డే. 2005లో రద్దయింది. తర్వాత అదే బెంగళూరు వాళ్లు డనింగ్టన్ అనే ఆరు కోర్ల జియాన్ చేసి 2008లో బయటికి తెచ్చారు. ఐటానియం చేయాల్సిన పెద్ద సర్వర్ల పనిని ఇలాంటి జియాన్లే మెల్లగా లాక్కున్నాయి. తప్పు పట్టుకుని మెమొరీని సర్దుకునే గట్టితనం ఒక్క ఐటానియం దగ్గరే ఉందని చెప్పి అమ్మేవాళ్లు. 2010లో నెహాలెం జియాన్ 7500కి ఆ లక్షణాలు చాలావరకు ఇచ్చేశారు. ఇక దాన్ని కొనమని చెప్పడానికి మాటే మిగల్లేదు.

పాతకాపు · గురువారం, రాత్రి 9:15

అవును, ఆ ఏడాది సేల్స్ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. ఒక కస్టమర్ ప్రశాంతంగా ఒకటే ప్రశ్న అడిగాడు: "రెండూ మీ దగ్గరే ఉన్నాయి, ధరలో ఇంత తేడా ఉంది, మీ సొంత డబ్బయితే ఏది కొంటారు?" మా ప్రెజెంటేషన్ ఇంకా నలభై స్లైడ్లు ఉంది. మేం కాఫీ బ్రేక్ ప్రకటించాం.

సర్వర్‌రూమ్_సాంబ · ఆదివారం, తెల్లవారుజాము 4:37

పని అయింది. రెండు రాత్రులు పట్టింది. మూడు బైనరీ ఫైళ్లలో రెండు తిరగబడ్డాయి, డీబీఏ గారు చెప్పకపోతే ఈపాటికి నేను వేరే ఉద్యోగం వెతుక్కునేవాణ్ణి. నల్ పాయింటర్ క్రాష్‌లు నాలుగు, సరిచేశాం.

3:10కి పాతదాన్ని షట్‌డౌన్ చేశాను. ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగవు, మెల్లగా దిగుతాయి కదా. అవి ఆగాక తెలిసింది, ఇన్నాళ్లూ ఆ గదిలో నేను ఎందుకు అరిచి మాట్లాడేవాణ్ణో.

కొత్త సర్వర్ మొదట డిస్కు నుంచి బూట్ అవ్వలేదు. ఒక సెట్టింగు తప్పింది, నేరుగా యూఈఎఫ్‌ఐ షెల్‌లోకి పడేసింది. స్క్రీన్ మీద అదే "షెల్" ప్రాంప్టు, అదే "ఎఫ్‌ఎస్ సున్నా". పదేళ్లుగా పాత మిషన్‌లో టైప్ చేసిన కమాండే చేతికొచ్చింది. ఎంటర్ కొట్టాను, బూట్ అయింది. పక్కనున్న కుర్రాడు "సార్, ఇది మీకెలా తెలుసు?" అన్నాడు. కమల గారి పోస్టు చూపించాను.

ఆ "ముట్టుకోవద్దు" కాగితం ఊడదీసి కొత్తదాని మీద అంటించాను.

గోదారి_డీబీఏ · ఆదివారం, ఉదయం 7:50

శుభం. పాతదాని మెమొరీ మాడ్యూళ్లు స్క్రాప్‌కి వేస్తున్నారా? మా దగ్గర అదే మోడల్ ఇంకోటి ఉంది, దాన్ని ఆపడానికి మాకు ఇంకా ఏడాది పడుతుంది.